టాపెట్ చప్పుడు

పాత బండి కొన్నవాళ్లలో చాలామంది మెకానిక్‌తో ముందు అనేమాట, "ఆ టకటక తీసెయ్." తీసెయ్యడం పెద్ద పనేం కాదు. టాపెట్ స్క్రూలు కాస్త బిగిస్తే ఇంజన్ మెత్తగా తిరుగుతుంది. కొన్నాళ్లకు వాల్వు కాలిపోతుంది.

నా దగ్గరున్నది మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్. అమెరికాలో విల్లీస్ వాళ్లు 1950లలో తెచ్చిన మోడల్, 1960లలో మహీంద్రా ఇక్కడ చేయడం మొదలుపెట్టింది. ముందు ముక్కు లేదు, చదును మొహం. ఇంజన్ క్యాబిన్ లోపలే, డ్రైవర్ పక్కన ఒక మూత కింద ఉంటుంది. మే నెలలో ఆ మూత పక్కన కూర్చుని ఊరెళ్లడం పగవాడికి కూడా వద్దు.

అందులోది 2.2 లీటర్ల హరికేన్ పెట్రోల్ ఇంజన్. అంతకుముందు జీపు ఇంజన్లో వాల్వులన్నీ పక్కన బ్లాకులో ఉండేవి. పవర్ పెంచడానికి ఇన్‌టేక్ వాల్వుల్ని పెద్దవి చేసి పైన హెడ్‌లో పెట్టారు, ఎగ్జాస్ట్ వాల్వుల్ని ఉన్నచోటే వదిలేశారు. అలా ఎత్తు పెరిగిన ఇంజన్ పట్టడానికే సీజే-3బీ జీపుకి బానెట్ పైకి లేపాల్సి వచ్చింది. మనకు మాత్రం పని రెండు చోట్ల. పైనున్న నాలుగింటినీ సీట్లో కూర్చునే సెట్ చేసుకోవచ్చు. పక్కనున్న నాలుగింటికీ వేరే మూత విప్పి, రెండు పల్చటి స్పానర్లు దూర్చి కుస్తీ పట్టాలి.

వేడికి లోహం సాగుతుంది కాబట్టి వాల్వుకీ, దాన్ని నెట్టే టాపెట్‌కీ (పైవాటికైతే రాకర్‌కీ) మధ్య కాస్త ఖాళీ వదలాలి, సెట్ చేసేది దాన్నే. అది చాలకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని చాలామటుకు సీటుకి ఆనినప్పుడే వదిలించుకుంటుంది. ఆనకపోతే మంట సందులోంచి దూసుకుపోతూ అంచు తినేస్తుంది. ఇంజన్ చల్లగా ఉండగా పైవాటికి 18 థౌ, పక్కవాటికి 16 పెట్టాలి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 18 కలిపినా అర మిల్లీమీటరు రాదు.

ప్లగ్గులు తీసి ఇంజన్ని చేత్తో తిప్పుతాం. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. నాలుగో సిలిండర్లో ఒక వాల్వు మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటున్నప్పుడు ఒకటోది సెట్ చెయ్యాలి. రెండోది అలా ఉన్నప్పుడు మూడోది. అవతలివైపు నుంచీ అంతే. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 5. ఈ లెక్క గుర్తుంటే పుస్తకం తెరవక్కర్లేదు.

అసలు పని వేళ్లది. ఫీలర్ గేజ్ రేకు దూర్చి లాగితే, బిగువైన కట్టలోంచి నోటు లాగినట్టు కాస్త పట్టి రావాలి. జారిపోతే వదులు, లాగినా రాకపోతే బిగువు. పైవాటికి ఇంకో పేచీ ఉంది. సరిగ్గా కుదిరిందనుకుని లాక్ నట్ బిగిస్తాం, ఆ బిగింపుకి స్క్రూ కూడా కొంచెం తిరుగుతుంది. అందుకే బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడాలి. బాగా తిరిగిన బండిలో రాకర్ మూతి మీద గుంట పడుతుంది. రేకు ఆ గుంట అంచుల మీదే ఆగుతుంది కాబట్టి గేజ్ 18 అని చెప్పినా అసలు ఖాళీ అంతకన్నా ఎక్కువే. అప్పుడు రాకర్ మార్చాలి, గేజ్‌ని తిట్టి లాభం లేదు.

మా బండి చూసే భాయ్ విజయవాడ ఆటోనగర్లో ముసలాడైన మనిషి. బేరం పెట్టడానికి వచ్చినవాళ్లు చప్పుడు గురించి అడిగితే ఆయన జవాబు ఒకటే: "వినిపిస్తోంది కదా సార్, బతికే ఉంది." అది వేళాకోళం కాదు. ఖాళీ ఎక్కువైతే చప్పుడు చేసి చెబుతుంది, పికప్ తగ్గుతుంది, పార్టులు అరుగుతాయి, అయినా బాగుచేసుకునే టైముంటుంది. తక్కువైతే చప్పుడే ఉండదు. పైగా ఎగ్జాస్ట్ వాల్వు సీటులోకి అరిగి దిగేకొద్దీ ఖాళీ దానంతటదే తగ్గుతూపోతుంది. మెత్తటి సీట్లున్న పాత ఇంజన్లలో ఇది మరీ ఎక్కువ. ఆ సీట్లను కాపాడిన సీసం పెట్రోలు 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో ఎక్కడా అమ్మడం లేదు. కాబట్టి నిరుడు మోగిన బండి ఈ ఏడు మోగడం లేదంటే సంబరపడకండి, మూత విప్పించండి.

పాత జీపో పికప్పో ఉన్నవాళ్లు ఈసారి షెడ్డుకి వెళ్లినప్పుడు చప్పుడు పోయిందా అని అడగొద్దు. ఎన్ని థౌ పెట్టావని అడగండి, ఇంజన్ చల్లారాకే పెట్టావా అని కూడా అడగండి.