వీపు తిప్పి కూర్చునేవాళ్లు కావలెను

ఫారాల మీద ఈ కాలమిస్టుకున్న కసి పాఠకులకు కొత్త కాదు. ఈ వారం ఇంకోటి దొరికింది. హైదరాబాద్ శివార్లలో ఓ షెల్టర్‌వాళ్లు కుక్కను దత్తత ఇవ్వడానికి నింపించే నాలుగు పేజీల ఫారం. ఇంట్లో పిల్లలెందరు, గేటు ఎత్తెంత, రోజుకెన్నిసార్లు కాలింగ్ బెల్ మోగుతుంది, దీపావళి రాత్రి ఎవరుంటారు? పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని అడగరని సణుక్కున్నాడు.

ఇదంతా ఓ గ్రేట్ డేన్ ఆడకుక్క కోసం. షెల్టర్‌లో పెట్టిన పేరు రాణి. నిలబడితే మనిషి నడుం దాకా వస్తుంది. ఎవరైనా చెప్పు ఈడ్చుకుంటూ నడిస్తే చాలు, అంత ఒళ్లూ మూలకు ముడుచుకుపోతుంది. ఓ తెల్లవారుజామున ఎవరో గేటుకు కట్టేసి పోయారు. సాగి వేలాడుతున్న చనుమొనలే దాని పాత కథ చెప్పాయి. ఆడకుక్కకు 18 నెలలు నిండకుండా ఈనించకూడదనీ, జీవితంలో 5 ఈతలు మించకూడదనీ 2017 నాటి కేంద్ర నిబంధనలున్నాయి. పిల్లలు అమ్ముడుపోయాక తల్లి ఏమైందని అడిగేవాళ్లే తక్కువ.

కాలమిస్టు తన మిత్రుడి కుటుంబాన్ని వెంటబెట్టుకెళ్లాడు. కుక్కలంటే ప్రాణమిచ్చే మనుషులు. పిల్లలిద్దరూ బిస్కెట్లు పట్టుకుని కెన్నెల్ ముందు చతికిలబడి, ‘రాణీ, రావే’ అని బతిమాలారు. అది మొహం పక్కకు తిప్పుకుంది, మూతి నాక్కుంది, ఆవులించింది. ‘పాపం, నిద్రొస్తున్నట్టుంది’ అన్నాడు మిత్రుడు.

నిద్ర కాదు. కుక్కలు గొడవ వద్దనుకున్నప్పుడు ఇలాగే ఆవులిస్తాయి, ముక్కు నాక్కుంటాయి, తల తిప్పుకుంటాయి అని నార్వే శిక్షకురాలు టురిడ్ రుగాస్ ఎప్పుడో పుస్తకం రాసింది. చేతిలోని బిస్కెట్‌తోనూ ఓ చిక్కుంది. ఆశకొద్దీ దగ్గరకొచ్చిన కుక్క, అది అయిపోగానే ఎవరి చెయ్యి కింద నిలబడి ఉందో చూసుకుని బెదిరిపోతుంది. అందుకే తెలిసినవాళ్లు తిండిని కుక్క వెనక్కి విసురుతారు. తిన్నాక దూరంగానే ఉండే వీలుంటుంది. ‘కుక్క తోక వంకర’ అన్న సామెత మీద ఈ కాలమ్ వేసిన పాత కేసు ఇంకా కొట్టివేయలేదు. వంకర చూశారే గానీ, ఆ తోక కాళ్ల సందున ఎందుకు దూరిందో చూడలేదు.

షెల్టర్ అమ్మాయి ఫారం చదివి, మిత్రుడి కుటుంబానికి ఇవ్వలేమంది. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే ఓ పెద్దావిడకి ఖాయం చేసింది. ఆవిడ రాణిని ముద్దు చెయ్యలేదు సరికదా, సరిగ్గా చూడనైనా లేదు. ‘కరెంటు పోతే భయపడుద్దా అమ్మాయ్?’ అని మాత్రం అడిగి, కెన్నెల్‌కి వీపు తిప్పి కూర్చుని, సంచీలోంచి జాకెట్టు తీసి కాజాలు కుట్టుకోసాగింది. ఇదేం న్యాయమని కాలమిస్టు మండిపడ్డాడు. మా ఊళ్లో ఫారాల్లేకుండానే కుక్కలు బతికాయని రాద్దామని కూర్చున్నాడు.

రుజువుగా ఆయనకు తోచింది 1977 నవంబరు. దివిసీమ ఉప్పెన. అప్పటికాయనకు తొమ్మిదేళ్లు, చల్లపల్లి దగ్గర పల్లెటూళ్లో నాయనమ్మ దగ్గరున్నాడు. ఉప్పెన తగ్గిన నాలుగైదు రోజులకు ఎటునుంచో ఓ పెద్ద నల్లకుక్క వచ్చి ఎడ్లబండి కింద దూరింది. తాటాకు గలగలమంటే వణికేది. పిల్లలు దాని చుట్టూ మూగితే నాయనమ్మ కసిరింది: ‘దాన్ని చూడమాకండ్రా. మీరు చూస్తా ఉంటే దానికి తిండెట్టా దిగుద్ది?’

రోజూ సాయంత్రం గంజిలో ఇంత అన్నం పిసికి బండిచక్రం దగ్గర పెట్టేది. ఆ తర్వాత దానికి వీపు తిప్పి కూర్చుని, చేటతో బియ్యం చెరుక్కునేది. ఒకటే చప్పుడు, ఒకటే లయ. పిలుపు లేదు, బుజ్జగింపు లేదు. గిన్నె మాత్రం రెండు మూడు రోజులకోసారి జానెడు ఇంటివైపు జరిగేది. సంక్రాంతి ముగ్గుల నాటికి కుక్క అరుగెక్కింది. నాయనమ్మ దాని తల నిమరగా చూసిన గుర్తు మాత్రం ఆయనకు లేదు.

ఇక్కడిదాకా రాసి కాలమిస్టు కలం ఆపాడు. ఫారానికి ఎదురు సాక్ష్యంగా పిలిచిన నాయనమ్మ కాస్తా వెళ్లి కాజాలు కుట్టే ఆవిడ పక్కన కూర్చుంది. మిత్రుడి ఇంట్లో ప్రేమకు కొదవ లేదు, రాణిని ఒంటరిగా వదిలే మనిషే లేడు. ఆ సంగతి నాలుగు పేజీల ఫారం పట్టుకుంది. ముప్ఫై ఏళ్ల స్నేహం పట్టుకోలేదు.

రాణి ఆ ఇంటికెళ్లి పదిహేడు రోజులైంది. బెదురుకుక్క వెనక్కి గింజుకుంటే మామూలు కాలర్ తల మీదుగా జారిపోతుంది. అందుకని లాగితే బిగిసే మార్టింగేల్ పట్టీ ఇచ్చి పంపారు. ఇప్పటికీ లైటు ఆర్పాకే తింటోందట. కుట్టుమిషన్ మోగితే మొదట్లో వంటగదిలోకి పరిగెత్తేది, ఇప్పుడు గడప దగ్గర ఆగి వింటోంది. మిత్రుడి పిల్లలు చూడ్డానికి వెళ్తామంటున్నారు. సంక్రాంతి వెళ్లనివ్వమని కాలమిస్టు చెప్పాడు.