తారీఖు చూసి తెరిచే కీర్తన

వ్యక్తిగత ప్రార్థన గురించి మన సంఘాల్లో ప్రసంగాలకు కొదవ లేదు. తెల్లవారుజామునే లేవండి, తలుపు వేసుకోండి, మోకరించండి అంటారు. మోకరించాక ఏం చెయ్యాలో మాత్రం అరుదుగా చెబుతారు. పిల్లల చదువులు, అప్పులు, అమ్మ ఆరోగ్యం, దూరాన ఉన్న బంధువులు... అన్నీ నాలుగు నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత మళ్లీ అవే మాటలు. చాలామంది భక్తి అక్కడే నిలిచిపోతుంది. విశ్వాసం తగ్గి కాదు, మాటలు దొరక్క.

ఆ మాటల కోసం నేను కీర్తనల గ్రంథం దగ్గరికి వెళ్తాను. ఇది కొత్త దారేమీ కాదు. సిలువ మీద యేసు వేసిన కేక 22వ కీర్తనలోదే. ఆరో శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠవాసులకు 150 కీర్తనలూ వారంలో పూర్తి చెయ్యాలని నియమం పెట్టాడు. 1549లో క్రాన్మర్ కూర్చిన ఇంగ్లండు ప్రార్థన పుస్తకం వాటిని ఉదయం, సాయంత్రం చొప్పున నెల రోజులకు పంచింది.

ఉద్యోగం, వంట, పిల్లల బడి ఉన్నవాళ్లకు తారీఖు లెక్క సులువు. ఇవాళ 8 అయితే 8, 38, 68, 98, 128. ముప్ఫై కలుపుకుంటూ పోవడమే. ఐదూ చదివే తీరిక లేకపోతే ఒక్కటే చదవండి, కానీ నోటితో పలకండి. పక్క గదిలో పడుకున్నవాళ్లకు మెలకువ రానంత మెల్లగా, మన చెవికి వినబడేంత స్పష్టంగా. కంటితో చదివితే తెలిసిన వచనం జారిపోతుంది. పైకి పలికినప్పుడు ‘నేను’ అని ఉన్న ప్రతిచోటా మనం వెళ్లి నిలబడాల్సి వస్తుంది.

మనకు ప్రాణమైన కీర్తనలు కొన్ని ఉన్నాయి. ప్రయాణానికి ముందు 121, జబ్బు మంచం పక్కన 91, సమాధుల తోటలో 23. అక్షరం ముక్క రాని అవ్వలు కూడా వీటిని తడుముకోకుండా అప్పజెబుతారు. ఆ అవ్వల విశ్వాసం ముందు నా చదువు ఎంత! అయితే మనకు కావలసినవే ఏరుకుని చదివినన్నాళ్లూ దేవుని దగ్గరికి మన అవసరమే వెళ్తుంది. తారీఖు అలా ఏరుకోనివ్వదు.

28వ తారీఖు సంగతి చూడండి. ఆ రోజు 88వ కీర్తన వస్తుంది. ఎజ్రాహీయుడైన హేమాను పేరుతో ఉన్న ఈ కీర్తనలో రాత్రీ పగలూ మొరపెట్టుకున్న మనిషి కనిపిస్తాడు. స్నేహితులు దూరమయ్యారు. దేవుడు ముఖం తిప్పుకున్నాడనిపిస్తోంది. మిగతా విలాప కీర్తనల్లో చాలావాటికి చివర్లో ఆశ చిగురిస్తుంది. ఇందులో లేదు, చీకటి మాటతోనే ముగుస్తుంది. నాకేమో ఆ రోజు ఏ బాధా ఉండకపోవచ్చు. ఇంట్లో అందరూ బాగుంటారు. మరి ఈ మాటలు ఎవరివి?

ఒక 28న ఆ ప్రశ్నతో ఆగినప్పుడు, భర్తను డయాలసిస్‌కు తిప్పుతున్న ఒక సోదరి గుర్తొచ్చింది. ఆమె గుడికి రావడం మానేసి చాన్నాళ్లయింది. ప్రార్థన చెయ్యబుద్ధి కావడం లేదని ఎవరితోనో అందట. ఆ కీర్తనను మళ్లీ మొదటి నుంచి, ఆమె నోటి మాటగా చదివాను. పద్దెనిమిది వచనాలూ ఆమెవే అనిపించాయి. ఆ వారం ఆమె ఎదురైతే ‘మీ కోసం ప్రార్థిస్తున్నాం అక్కా’ అని దాటిపోలేకపోయాను. ఆమె చెప్పుకున్నంతసేపు కూర్చుని విన్నాను.

అదే 28న తర్వాత వచ్చేవి 118, 148. మొదటిది పస్కా పండుగలో పాడుకునే కృతజ్ఞతా కీర్తనల్లో చివరిది. కడరా భోజనమయ్యాక యేసు, శిష్యులు పాడినవాటిలో ఇదీ ఉందని చాలామంది పండితుల అభిప్రాయం. రెండోది మంచును, వడగండ్లను, సముద్రపు జీవాలను కూడా స్తుతికి పిలుస్తుంది. ఏడ్చినవాడు నవ్వేదాకా ఆగకుండా, రెండింటినీ ఒకే పొద్దున పలకమంటుంది ఈ లెక్క. కీర్తనల్లో మనిషికి తన మనసు అద్దంలోలా కనబడుతుందని నాలుగో శతాబ్దంలో అథనాసియస్ మార్సెల్లినస్‌కు రాశాడు. నాకైతే పొరుగువారి మనసు కూడా అందులోనే తెలిసింది.

109, 137 లాంటి శాప కీర్తనలను దాటెయ్యమని కొందరంటారు. నేను ఒప్పుకోను. కోపం వచ్చినవాడు దాన్ని దేవుని ముందు కక్కేస్తే, పగ తీర్చుకునే పని తన చేతిలో ఉండదు.

29న వచ్చే 119వ కీర్తనకు 176 వచనాలు. దాన్ని 31వ తారీఖుకు ఉంచుకోండి, ఏడాదికి ఏడుసార్లు ఆ రోజు వస్తుంది. జ్వరం వచ్చో, పెళ్లి పనుల్లో పడో నాలుగు రోజులు తప్పిపోతే, బాకీ తీర్చాలని వెనక్కి వెళ్లకండి. ఇవాళ తారీఖు ఎంతో చూసుకుని అక్కడే తెరవండి. వదిలేసినవి వచ్చే నెల అదే తారీఖున మళ్లీ వస్తాయి.