ఇరుసు ముందు, ఇంజను తర్వాత

బండరాళ్ల మీద నడిచే బండి కట్టాలనుకునేవాళ్లు చాలామంది ముందు ఇంజను దగ్గరికే పోతారు. ఎన్ని హార్స్‌పవర్, టర్బో ఉందా లేదా అన్నదే తొలి చర్చ. అమెరికాలో తరాలుగా ఈ పని చేస్తున్నవాళ్లు ముందు అడిగేది మాత్రం టైరు ఎంత అని. కాలిఫోర్నియాలో సియెరా నెవాడా కొండల మధ్య సాగే రూబికాన్ ట్రైల్ మీద 1953లో జీపర్స్ జాంబరీ మొదలైంది. యూటాలోని మోయాబ్ ఎర్రరాతి దారుల్లో 1967లో ఈస్టర్ జీప్ సఫారీ మొదలైంది. పాత ట్రక్కుల కింది ఇరుసులు విప్పుకొచ్చి, జీపులకు బిగించి, విరగ్గొట్టుకుని, మళ్లీ కట్టుకుంటూ వచ్చిన ఈ సంప్రదాయం ఒక వరసను స్థిరపరిచింది. టైరు సైజును, బండి బరువును బట్టి ఇరుసు. టైరూ ఇరుసూ తేలాక గేర్ నిష్పత్తి. ఇంజను వంతు ఆ తర్వాతే. ఈ వరస వెనుక ఉన్నది అలవాటు కాదు, లెక్క.

ఇరుసు లోపలి పెద్ద పళ్లచక్రమైన క్రౌన్ వీల్ పళ్లను, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్ పళ్లతో భాగిస్తే ఇరుసు నిష్పత్తి వస్తుంది. 41 పళ్ల క్రౌన్ వీల్‌కు 10 పళ్ల పినియన్ ఉంటే 4.10. దాన్ని గేర్‌బాక్సు మొదటి గేరుతోనూ, శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులోని తక్కువ వేగపు గేరు 'లో రేంజి'తోనూ గుణిస్తే వచ్చేది పాకుడు నిష్పత్తి. చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజను ఎన్నిసార్లు తిరగాలో అది చెబుతుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ ఎంబీ జీపులో అది 2.67, 1.97, 4.88ల లబ్ధం, అంటే సుమారు 26. 2005 నాటి ఆరు గేర్ల జీప్ రాంగ్లర్ రూబికాన్‌లో 4.46, 4, 4.10 కలిసి 73 అయింది. ఇంజను నిమిషానికి 700 చుట్ల ఐడిల్ మీద ఉంటే, 31 అంగుళాల టైర్లతో ఆ బండి గంటకు 1.4 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. మనిషి నడకలో మూడో వంతు కూడా కాదు. రాతి దారిలో ఇంతకంటే విలువైన గుణం లేదు. కదిలే వస్తువులోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగం సగమైతే చక్రం రాయిని తాకినప్పుడు పడే దెబ్బ నాలుగో వంతుకు తగ్గుతుంది. గేరు చాలని బండి ఎక్కలేక ఊపు తీసుకుంటుంది, ఆ ఊపే ఇరుసును విరుస్తుంది.

అయితే ఈ నెమ్మదిని పెద్ద టైరు తినేస్తుంది. 31 అంగుళాల టైరు తీసి 37 అంగుళాలది వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు ఐదో వంతు పెరుగుతుంది, గేరు ఆ మేరకు పలచబడుతుంది. పాత నిష్పత్తిని కొత్త టైరు వ్యాసంతో గుణించి, పాత వ్యాసంతో భాగిస్తే కావలసిన నిష్పత్తి తెలుస్తుంది. 4.10ని 37తో గుణించి 31తో భాగిస్తే 4.89, బజారులో దొరికేది 4.88. అంత గేరు వేస్తే హైవే మీద ఇంజను అరిచిపోదా, డీజిలూ పెట్రోలూ తాగేయదా అన్నది తరచూ వినే అభ్యంతరం. గంటకు 100 కిలోమీటర్ల దగ్గర పాత టైరు, 4.10 జోడీతో ఇరుసును తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ నిమిషానికి సుమారు 2,760 చుట్లు తిరుగుతుంది. కొత్త టైరు, 4.88 జోడీతోనూ దాదాపు అంతే. గేరు మార్చకుండా వదిలేస్తే 2,310కి పడిపోతుంది. అప్పుడు పై గేర్లలో ఇంజను లాగలేక ఈడుస్తుంది, డ్రైవరు మాటిమాటికీ కింది గేరుకు దిగాలి. కాబట్టి 4.88 అదనపు గేరు కాదు, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడం మాత్రమే.

మరి గేరు కంటే ముందు ఇరుసు ఎందుకు? నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది. 4.88 అంటే 39 పళ్లకు 8 పళ్లు. క్రౌన్ వీల్ వ్యాసం పెరగదు కాబట్టి ఉన్న చోటులోనే పినియన్ సన్నబడాలి, పట్టుకునే పళ్లు తగ్గాలి. పైగా పెద్ద టైరు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు, దాని పొడవాటి వ్యాసార్ధం వల్ల ఇరుసు షాఫ్టు మీద పడే మెలి (టార్క్) పెరుగుతుంది. డానా కంపెనీ ఇరుసుల్లో డానా 44 క్రౌన్ వీల్ వ్యాసం 8.5 అంగుళాలు, డానా 60ది 9.75, జనరల్ మోటార్స్ 14 బోల్ట్ ఇరుసుది 10.5. పాత ఒక టన్ను ట్రక్కుల ఇరుసుల కోసం పాతసామాన్ల యార్డులు గాలించే అలవాటు ఇక్కడి నుంచే వచ్చింది. 1985–91 నాటి ఫోర్డ్ ఎఫ్-350 ముందు డానా 60కి గిరాకీ ఉండటానికి మరో కారణం అందులో పినియన్ పైన కూర్చోవడం. ప్రొపెల్లర్ షాఫ్ట్ రాళ్లకు దూరంగా ఉంటుంది, ముందుకు నడిచేటప్పుడు పంటి బలమైన వైపే భారం పడుతుంది. 14 బోల్ట్‌లో పినియన్ కొసను కూడా ఒక బేరింగ్ పట్టుకుంటుంది. పైగా అది ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసు, అంటే బండి బరువును స్పిండిల్ మోస్తుంది, షాఫ్టు తిప్పడానికే. షాఫ్టు విరిగినా చక్రం ఊడదు.

అలాగైతే అన్నిటికన్నా పెద్ద ఇరుసే వేసేసి నిశ్చింతగా ఉండొచ్చు కదా అనేవాళ్లున్నారు. ఆ మాటలో సగమే నిజం. ఇరుసు నడిమి హౌసింగ్ గుండు పెద్దదైతే కిందికి వేలాడుతుంది, ప్రతి రాయికీ తగులుతుంది. అందుకే 14 బోల్ట్ వాడేవాళ్లు దాని అడుగు కోయించి చదును చేయిస్తారు. బరువు పెరిగితే స్ప్రింగులు, బ్రేకులు, స్టీరింగు అన్నీ మార్చుకోవాలి. దీనికంటే ముఖ్యమైనది మరొకటి. విరిగేది ఎప్పుడైనా ఎక్కడో ఒకచోట విరుగుతుంది, అది ఎక్కడో ముందే నిర్ణయించడం కట్టేవాడి పని. ఇంట్లో ఫ్యూజు ఉండేది అందుకే కదా. విరిగిన యూ-జాయింటునో షాఫ్టునో దారిలోనే మార్చుకోవచ్చు. క్రౌన్ వీల్, పినియన్ పళ్లు చెదిరితే బండిని లాక్కుపోవడమే. 35 అంగుళాల టైర్ల తేలిక జీపుకు మంచి షాఫ్టులు వేసిన డానా 44 చాలు. 40 అంగుళాల టైర్లు, భారీ బండి అయితే డానా 60 కంటే తక్కువ ఆలోచించకూడదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో టార్క్ కన్వర్టర్ మెలిని పెంచుతుంది, ఇంత గేరు అవసరమా అని ఇంకొందరి ప్రశ్న. ఎక్కేటప్పుడు ఆ సాయం నిజమే, కానీ అది వేడిగా మారి గేర్‌బాక్సు ఆయిల్‌ను కాలుస్తుంది. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచేది గేరే, బ్రేకు మీదే ఆధారపడితే చక్రం బిగుసుకుని జారుతుంది. 2021లో మాన్యువల్ రాంగ్లర్ రూబికాన్‌ను 35 అంగుళాల టైర్లు, 4.88 ఇరుసులతో ఇస్తూ జీప్ కంపెనీ పాకుడు నిష్పత్తిని 100కి చేర్చింది. పెద్ద టైరుతోపాటే గేరూ పెంచాలన్న పాత వరసను కంపెనీ కూడా పాటించిందనడానికి ఇదే సాక్ష్యం.

సరైన నిష్పత్తి ఎంచినంత మాత్రాన పని పూర్తికాదు. కొత్త గేర్లు కూర్చేటప్పుడు క్రౌన్ వీల్ పళ్లకు పసుపు రంగు పేస్టు పూసి, చేత్తో తిప్పుతారు. పినియన్ తాకినచోట పేస్టు చెరిగి ఒక మచ్చ పడుతుంది. అది పంటి అంచుకో మొదలుకో పోకుండా నడుమ నిలిచేదాకా పలచటి లోహపు షిమ్‌లు వేస్తూ, తీస్తూ, మళ్లీ బిగించి చూస్తారు. పళ్ల మధ్య ఆట డానా 44లో 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. తర్వాత మొదటి ప్రయాణాలు చిన్నవిగా చేసి, ఇరుసును చల్లారనిచ్చి, కొద్ది వందల కిలోమీటర్లకే ఆయిల్ మార్చాలి. ఈ ఓపిక లేని చోట డానా 60 కూడా కూస్తుంది, కాలుతుంది.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్‌లోని వివరాలు కంపెనీ నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చడం కుదరదు. అందువల్ల ఇరుసు మార్పిడి మనకు రోడ్డు బండ్ల పని కాదు. కానీ ఈ లెక్క కొనేటప్పుడూ పనికొస్తుంది. ముందూ వెనుకా డిఫరెన్షియల్ లాకులతో వచ్చే ఫోర్స్ గూర్ఖాను గానీ మరే ఫోర్ వీల్ డ్రైవ్‌ను గానీ చూసేటప్పుడు హార్స్‌పవర్ అంకె దాటి లో రేంజి ఎంత, ఇరుసు నిష్పత్తి ఎంత, టైరు ఎంత అని అడిగినవాడే బండిని సరిగ్గా ఎంచుకుంటాడు. ఈ సంప్రదాయం విలువ అక్కడే ఉంది. మొరటు బలంతో దాటేద్దామనే తొందరను అది కొలతకు లోబరుస్తుంది. ఆ కొలత పాటించిన బండి రాయినీ చెడగొట్టదు, తననూ విరగ్గొట్టుకోదు, ఎక్కినవాళ్లను ఇంటికి చేరుస్తుంది.