గుర్రం మీది చేతి కోసం చేసిన పిస్తోలు

పాత పిస్తోలు కనబడితే చాలామంది ముద్ర ఎక్కడుందా అని వెతుకుతారు. నేనైతే ముందు గజం చూడమంటాను. మందూ గుండూ దట్టించే ఆ ఇనుప కడ్డీ ఊడి చేతికి వస్తోందా, గొట్టం మూతి దగ్గర బందుతో బిగించి ఉందా?

1840లలో ఈస్టిండియా కంపెనీ తన ఆశ్విక దళాల కోసం ఇంగ్లండ్‌లో చేయించిన పిస్తోళ్లలో అది బందుతోనే ఉంటుంది. కడ్డీని లాగి, బందు మీద తిప్పి, మూతిలోకి దించి దట్టించవచ్చు. చెయ్యి జారినా కింద పడదు. కదిలే గుర్రం మీద ఉన్నవాడు దిగి కడ్డీ వెతుక్కుంటాడా? పిడి అడుగున ఇత్తడి తొడుగు, దానికో కడియం. కడియానికి తాడు కట్టుకుంటే, పేల్చాక పిస్తోలు వదిలేసి కత్తి దూయవచ్చు. అలంకారం ఒక్కటీ లేదు. అయినా కొయ్యలో లోహం ఎంత ఒద్దికగా కూర్చుందో చూస్తే పనివాడి మీద గౌరవం కలుగుతుంది.

నాకు అన్నిటికంటే నచ్చేది సుత్తి. స్కాట్లండ్‌లోని బెల్‌హెల్వీ చర్చి ఫాదరీ అలెగ్జాండర్ ఫోర్సిత్, దెబ్బకు పేలే రసాయనాన్ని తుపాకికి వాడే పద్ధతి మీద 1807లో పేటెంటు పొందాడు. దాన్నుంచే తర్వాత, సుత్తి దెబ్బకు పేలే మందు నింపిన చిన్న రాగి టోపీ వచ్చింది. అంతకుముందు చెకుముకి తుపాకిలో, వాన పడితే పళ్లెంలో మందు తడిసి నిప్పు అంటుకునేది కాదు. టోపీతో ఆ బెడద తగ్గింది కానీ, పేలినప్పుడు రాగి తునకలు కంట్లోకి చిందే ప్రమాదం వచ్చిపడింది. అందుకే సుత్తి ముక్కును గుంటగా తొలిచారు. అది టోపీని పూర్తిగా కప్పి కొడుతుంది.

ద్వంద్వయుద్ధపు పిస్తోలు వేరే జాతి. దానికి పొడవాటి బరువైన గొట్టం, సున్నితమైన మీట, పెట్టెలో జత. తాడు కడియంతో పనేముంది దానికి? పక్కన నడుంపట్టీకి తగిలించే కొక్కెం ఉంటే నావికుడిదని అనుకోవచ్చు.

ఇక ముద్ర. 1808 నుంచి కంపెనీ ఆయుధాల మీద, కిరీటం పట్టుకుని వెనక కాళ్ల మీద నిలబడ్డ సింహం కనిపిస్తుంది. 1858లో పాలన రాణి చేతికి వెళ్లింది కాబట్టి, టోపీ పిస్తోలు మీద సింహం ఉంటే కాలం దాదాపు తేలినట్టే. మన సర్కారు, దత్త మండలాలు చేరిన మద్రాసు ప్రెసిడెన్సీకీ కంపెనీ ఆశ్విక రెజిమెంట్లు ఉండేవి. సింహం ఒక్కటే చూసి అది ఏ రెజిమెంటుదో చెప్పలేం; దానికి వేరే గుర్తులు కావాలి.

చుట్టూ ఇనుము తుప్పు తిని గుంటలు పడి, సింహం మాత్రం నిన్న కొట్టినట్టు పదునుగా ఉంటే, ఆ ముద్రను నమ్మవద్దు. మళ్లీ గజం దగ్గరికే వెళ్లి, బందు ఎలా అరిగిందో చూడండి.