ఛాయాచిత్ర వధువులు: ఒక నవలయందలి వివాహార్థశాస్త్రము

వివాహమును బేరముగా చూపి, ఆ బేరమును నడపు సంఘమును పరిహసించిన కీర్తి మన వాఙ్మయమున 1892లో తొలుత ప్రదర్శింపబడిన "కన్యాశుల్కము"నకు దక్కినది. అట్టి బేరము సముద్రము దాటిన యెడల ఏ రూపము దాల్చునో గ్రహించుటకు, జపాను సంతతికి చెందిన అమెరికా రచయిత్రి జూలీ ఒట్సుకా 2011లో ప్రకటించిన "ది బుద్ధ ఇన్ ది ఆటిక్" (అటకపై బుద్ధుడు) అను నవల మిక్కిలి ఉపకరించును.

ఇందలి స్త్రీలు వరుల ఛాయాచిత్రములను మాత్రమే చూచి కాలిఫోర్నియాకు ఓడ నెక్కినవారు. రేవున దిగినంతనే ఆ చిత్రములు ఏనాటివో తెలియవచ్చును. ఈ వంచనయే కథకు మూలమని పాఠకునకు తోచుట సహజము. మే మట్లు తలంపము. వంచనకు వెనుక శాసన మున్నది. 1907-08 నాటి ఒడంబడికచే జపాను ప్రభుత్వము కూలీలకు అమెరికా ప్రయాణపత్రముల నిచ్చుట మానెను. అచ్చట స్థిరపడినవారి భార్యలకు మాత్రము నిషేధము లేదు. స్వదేశమున వరుని కుటుంబపట్టికలో పేరు చేరినచో, వరుడు ఎదుట లేకున్నను వధువు భార్యయే. కూలికి మూసిన ద్వారము భార్యకు తెరచియుండెను. 1920లో అదియు మూతపడెను.

పేరునకు వచ్చినది భార్య. పొలమునకు దక్కినది వేతనము లేని కూలి. 1913 నాటి కాలిఫోర్నియా శాసనము పౌరసత్వార్హత లేని విదేశీయులకు భూస్వామ్యమును నిరాకరించెను. ఆ గడ్డపై పుట్టిన బిడ్డ పౌరుడు గనుక, ఆతని పేర భూమి కొనిన కుటుంబములు కలవు. ఇట్లు ప్రసవము సైతము జీవనపు లెక్కలో చేరెను. కన్యాశుల్కమున సొమ్ము తండ్రికి చేరును. ఇచ్చట వరుని కూలిడబ్బు సాధారణముగా ఓడ ఖర్చునకు పోవును. రెంటను వధువు చేతికి వచ్చునది శూన్యము.

నవలను నడపు గొంతు "నేను" కాదు, "మేము". బేరమునకు పేర్లతో పనిలేదు. 1942లో జపానీయులను పశ్చిమతీరమునుండి తరలించు ఘట్టమున పేర్లు వరుసగా వినవచ్చును. అనగా, వెడలిపోవు వేళకు గాని వారు వ్యక్తులు కారు. చివరి అధ్యాయమున ఆ "మేము" శ్వేతజాతీయులైన పొరుగువారి వశమగును. ఆ శ్రమ ననుభవించినవారే ఆ పేర్లను క్రమముగ మరతురు. ఈ మార్పునందే రచయిత్రి ప్రతిభ కలదు. భర్తలు మాత్రము నీడలుగనే మిగిలిరి. ఓడ ఖర్చు కూడబెట్టినవాని దైన్యమును ఈ లెక్కలోనిదే గదా! ఇది లోపమని మా అభిప్రాయము.

మన పరిశోధకులు ప్రవాసాంధ్రుల వివాహగాథలను పరిశీలించునపుడు, ఎవరు ఎవరిని వరించిరని మాత్రమే కాక, ఎవరి శ్రమ ఎవరికి చెందెనని కూడ ప్రశ్నింతురుగాక.