పట్టిన బ్రేకు వదలాలంటే

పాత మోటారుసైకిల్ బ్రేకు పట్టేసిందంటే చాలాసార్లు అందులో వెనక్కి రావాల్సిన భాగం రావడం లేదని అర్థం. డ్రమ్ బ్రేకులో ఆ భాగం క్యామ్ ఇరుసు, డిస్క్ బ్రేకులో కాలిపర్ పిస్టన్.

జంషెడ్‌పూర్‌లో బండి ఇలా పట్టేయడానికి ఒక్క వానాకాలం చాలు. శ్రీకాకుళం వైపు నుంచి టాటా కర్మాగారంలో పనికి వచ్చి, ఈ ఊళ్లోనే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి వరండా పక్కన తండ్రి కొన్న బుల్లెట్టో రాజ్‌దూతో యెజ్డీయో కవరు కింద నిలబడి ఉంటే, జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ కవరు కిందే చెమ్మ నిలుస్తుంది. మైసూరులో యెజ్డీ తయారీ 1996లోనే ఆగిపోయింది. కాబట్టి అలాంటి బండికి కొత్త భాగం వెతకడం కన్నా ఉన్నదాన్ని బాగుచేయడమే మంచి దారి.

ఈ పాత బళ్లకు రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే. బ్రేక్ ప్లేటు సాధారణంగా అల్యూమినియం పోత, అందులో తిరిగే క్యామ్ ఇరుసు ఉక్కు. తడి చేరితే ఈ రెండు లోహాల మధ్య బ్యాటరీలో జరిగేలాంటి చర్య మొదలై అల్యూమినియం తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడికి అసలు లోహం కంటే ఎక్కువ చోటు కావాలి, అందుకే అది ఇరుసును చుట్టూ బిగించేస్తుంది. పెడల్ తొక్కితే కాలి బలానికి క్యామ్ తిరుగుతుంది గానీ, కాలు తీశాక స్ప్రింగు బలం దాన్ని వెనక్కి తిప్పలేదు. షూలు డ్రమ్మును రాసుకుంటూనే ఉంటాయి, హబ్ కాలిపోతుంది.

చక్రం ఊడదీసే ముందు అడ్జస్టర్ నట్టును పూర్తిగా వదులు చేయాలి. లేకపోతే అరిగిన డ్రమ్ అంచు షూలను పట్టుకుని ప్లేటును బయటికి రానివ్వదు. లోపలి ధూళిని గాలి పైపుతో ఊదడం చాలా షాపుల్లో అలవాటు, అది మానాలి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. రోజూ ఆ ధూళి పీల్చే కుర్రాడి ఊపిరితిత్తుల ముందు రెండు నిమిషాల ఆదా ఏ పాటిది? తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

షూలు తీసి, లివర్ ఇరుసు మీద ఏ పళ్ల దగ్గర కూర్చుందో గీత గీసుకుని, తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచాలి. ఇరుసు కొనపై సుత్తితో నేరుగా కొడితే అది పుట్టగొడుగులా పరుచుకుని ఇంక రంధ్రంలోంచి దూరదు. వేడి చేయడం మేలు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, కాబట్టి ప్లేటును మరిగే నీళ్లలో ముంచినా పట్టు సడలుతుంది. ఇరుసు బయటికొచ్చాక ఎమరీ కాగితంతో రుద్ది, వేడికి కరగని గ్రీజు పలచగా రాయాలి. ఎక్కువ రాస్తే అది లైనర్ మీదికి కారుతుంది. నూనె పీల్చిన లైనర్‌ను మార్చడం తప్ప మార్గం లేదు. హోండా తరహా చిన్న బళ్లలో లైనర్ 2 మి.మీ.కు అరిగితే, 110 మి.మీ. డ్రమ్ లోవ్యాసం 111కు చేరితే అవి మార్చాల్సినవే.

రంధ్రమే అరిగిపోతే ఇరుసు ఊగుతుంది. దానికి గన్‌మెటల్ బుష్ వేయించాలి. ఖర్కాయి నది అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ ఉన్న ఊరు కాబట్టి, ఇక్కడ హిందీలో ఖరాద్ అనే ఈ లేతు పని తెలిసినవాళ్లకు కొరత లేదు.

డిస్క్ బ్రేకు సంగతి వేరు. 1999లో వచ్చిన హీరో హోండా సిబిజెడ్ తరం బళ్లు కూడా ఇప్పుడు పాతవే. కాలిపర్‌లో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు ఉండదు. దాని చుట్టూ ఉన్న చదరపు కోత రబ్బరు సీలు, బ్రేకు పడినప్పుడు కాస్త మెలిపడి, వదిలినప్పుడు మళ్లీ సర్దుకుంటూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి తెస్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 3 రకానికి కొత్తలో కనీసం 205 డిగ్రీలుండే మరుగు స్థానం, నీరు చేరాక 140 దాకా పడిపోవచ్చు. ఆ నీరే పిస్టన్‌కు తుప్పు పట్టిస్తుంది.

ముందు లోపం ఎక్కడుందో తేల్చాలి. చక్రం పట్టేసి ఉండగా బ్లీడింగ్ నిపుల్ కాస్త వదులు చేస్తే, ఆయిల్ చిమ్మి చక్రం తిరిగిందనుకోండి, కాలిపర్ బాగానే ఉంది. మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ తిరిగివచ్చే సన్నని రంధ్రం పూడుకుపోయి ఉంటుంది, లేదా హోస్ లోపల ఉబ్బి ఉంటుంది. అప్పటికీ తిరగకపోతే పిస్టనో, కాలిపర్ జారే పిన్నులో పట్టేసినట్టు.

పిస్టన్‌ను బ్రేక్ లివర్ నొక్కుతూ ఆయిల్ ఒత్తిడితోనే బయటికి తేవాలి. గాలి కొడితే అది తూటాలా వచ్చి వేళ్లు చితకగొడుతుంది. క్రోమ్ పూత మీద గుంటలు పడ్డ పిస్టన్‌ను రుద్ది వాడకూడదు, కొత్త సీళ్లతో పాటు అదీ మార్చాలి. సీళ్లకు తాజా బ్రేక్ ఆయిలే రాయాలి. పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బుతుంది, బ్రేకు మళ్లీ పట్టేస్తుంది.

బిగించి, బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలి తీసేశాక బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి చక్రం తిప్పాలి. బ్రేకు పట్టి వదిలిన ప్రతిసారీ చక్రం తేలిగ్గా తిరగాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా రెండు మూడు కిలోమీటర్లు వెళ్లి, బ్రేకు వాడకుండా ఆపి, హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. వేడి తగిలితే మళ్లీ విప్పాలి.