ఫాంటు పక్కన నాలుగు ఫైళ్లు

చోడవరంలో శుభలేఖలూ ఫ్లెక్సీలూ వేసే ఒక డీటీపీ షాపువాళ్లు కంప్యూటర్‌లో డెబియన్ లినక్స్ ఎక్కించుకున్నారనుకుందాం. 'ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫాంట్స్-తెలు' అని ఒక్క వరుస కొడితే చాలు. లోహిత్ తెలుగు ఫాంటూ, తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లూ దిగిపోతాయి. ఇవి ఎవరివి, అమ్మకానికి వేసే పనుల్లో వాడొచ్చా, లోపల ఇంకేమైనా దాగుందా అని షాపువాళ్లు అడగరు. ఆ ప్రశ్నలన్నీ ముందే ఎవరో అడిగి, జవాబులు రాయించుకున్నాకే ఫాంటును లోపలికి రానిచ్చారు. ఫాంటును ఇలా దిగిపోయే ప్యాకేజీగా కట్టడానికి ఉన్న ప్యాకేజింగ్ మార్గదర్శకాలంటే ఆ ప్రశ్నల చిట్టానే.

ఇయాన్ మర్డాక్ 1993లో మొదలుపెట్టిన డెబియన్‌కు పాలసీ అనే పెద్ద పత్రం ఉంది. ఏ ఫైలు ఎక్కడ కూర్చోవాలో, దేన్ని ఏ పేరుతో పిలవాలో అందులో ఉంటుంది. మన ఫాంటును డెబియన్‌లో చేర్చాలంటే దాని పక్కన 'డెబియన్' అనే ఫోల్డరు పెట్టి, ముఖ్యంగా నాలుగు ఫైళ్లు రాయాలి: కంట్రోల్, రూల్స్, చేంజ్‌లాగ్, కాపీరైట్. తర్వాత లింటియన్ అనే తనిఖీ ప్రోగ్రాం చేతికి ఇవ్వాలి. దాని చాదస్తం చూసి తీరాలి. చేంజ్‌లాగ్‌లో తేదీ పక్కన బుధవారానికి బదులు మంగళవారం అని పడ్డా ఊరుకోదు. ఒక వరుస వివరణ మరీ పొడుగైనా, ఇంగ్లీషు ఆర్టికల్‌తో మొదలైనా సణుగుతుంది. వేల ప్యాకేజీల జాబితా ఒకే తీరుగా కనబడాలంటే ఈ సణుగుడు తప్పదు. వారం పేరు దగ్గరే అజాగ్రత్తగా ఉన్నవాళ్లు లైసెన్సు దగ్గర జాగ్రత్తగా ఉంటారని నేనైతే నమ్మను.

అసలు చిక్కంతా కాపీరైట్ ఫైలుతోనే. ప్యాకేజీలో ఉన్న ప్రతి ఫైలూ ఎవరిదో, ఏ లైసెన్సు కింద ఇచ్చారో అందులో రాయాలి. కొత్త ప్యాకేజీ రాగానే, వాటిని పరిశీలించే బృందంవాళ్లు దాన్ని 'న్యూ' అనే వరుసలో ఆపి, మనుషులే కూర్చుని చూస్తారు. ఈ వరుసలో వారాలు గడిచినా విసుక్కోకూడదు. తెలుగువాళ్లం ఇక్కడే తడబడతాం. "అందరూ వాడుకోండి" అని పెద్దమనసుతో ఫాంటు పంచిపెడతాం, లైసెన్సు మాత్రం జతచేయం. లేదా "వ్యాపారానికి వాడరాదు" అని ఒక ముక్క తగిలిస్తాం. 1997లో ఆమోదించిన డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మార్గదర్శకాల ప్రకారం, ఫలానా పనికి వాడకూడదని ఆంక్ష పెట్టినది ప్రధాన భాగంలోకి రాదు. ఆ ముక్కకు అర్థం మన డీటీపీ షాపు దగ్గర తెలుస్తుంది: శుభలేఖకు డబ్బు తీసుకుంటే అదీ వ్యాపారమే కదా. సిలికానాంధ్ర సంస్థవాళ్లు మండలి, గిడుగు, గురజాడ వంటి ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చారు కాబట్టి ఆ పేచీ లేదు.

ఫెడోరా అనే మరో లినక్స్‌లో దారి వేరు, ఉద్దేశం అదే. అక్కడ స్పెక్ ఫైలు రాసి, బగ్‌జిల్లాలో సమీక్ష కోరితే మరొకరు నిబంధనలు ఒక్కొక్కటే సరిచూస్తారు. కొత్తవాళ్లకు పూచీ ఇచ్చే స్పాన్సర్ రెండుచోట్లా కావాలి.

నిబంధనలు పాటిస్తే ప్రమాదమే రాదా అంటే, 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాం వ్యవహారం చూశాం. దొంగదారి తెరిచే స్క్రిప్టు అందరూ చూసే కోడ్ భాండాగారంలో లేదు, విడుదల చేసిన కట్టలో మాత్రమే ఉంది. ఆ కట్ట డెబియన్ టెస్టింగ్ అనే పరీక్ష దశ దాకా వచ్చేసింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ ఆరా తీయబట్టి, స్థిర విడుదలకు చేరకముందే బయటపడింది. కట్టను భాండాగారంతో పోల్చి చూడాలన్న మాటకు అప్పట్నుంచి బరువు పెరిగింది.

లింటియన్‌కు అందనిది మరొకటుంది. ఫాంటు లోపల వత్తులను కలిపే నియమాలు సరిగా లేకపోతే 'విశాఖపట్నం'లో ట కింద న వత్తు చేరదు, ట మీద పొల్లు నిలిచిపోయి పక్కన న పడుతుంది. వరుస ఎత్తు తక్కువ పెడితే 'రాష్ట్రం' అనే మాటకు మెనూలో అడుగు తెగిపోతుంది. ఏ హెచ్చరికా రాదు, ఏ తనిఖీ ఫెయిలవ్వదు. తెలుగు రాని సమీక్షకులకు అది మామూలు అక్షరంలాగే కనిపిస్తుంది. అందుకే తెలుగు ప్యాకేజీకి సమీక్షకుల వరుసలో తెలుగు చదివే ఒకరైనా ఉండాలని నా పట్టు. వాళ్లు ప్రోగ్రామరే కానక్కర్లేదు, ప్రూఫులు దిద్దిన అనుభవం ఉన్నా సరిపోతుంది. లోపం కనిపిస్తే డెబియన్‌లో 'రిపోర్ట్‌బగ్' అనే ప్రోగ్రాం తెరవాలి. ప్యాకేజీ పేరు చెబితే వెర్షను అదే నింపుకుంటుంది. ఏ మాటలో ఏ వత్తు తెగిందో మనమే ఇంగ్లీషులో రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి పంపాలి.